ఝుంకారము ముగిసిన పిదప

ఊయల యొద్ద కూర్చుండిన తల్లి తనకు వచ్చిన జోలపాటలన్నియు పాడి ముగించిన తరువాతను బిడ్డ కన్ను మూయకున్నచో, ఆ బిడ్డను ఎత్తి రొమ్మునకు హత్తుకొని, పెదవులు మూసి, మాటలు లేని యొక కూనిరాగమును గొంతులోనే సాగదీయుట మనలో చూడనివారుండరు. పాటకు లొంగని పసివాడు ఈ కూనిరాగమునకు లొంగును. పాట గాలిలో వచ్చి చెవిని తాకును. కూనిరాగమో, తల్లి యెదలో పుట్టిన అదురుగా బిడ్డ చెంపలోనికి నేరుగా ప్రాకును. ఆ తల్లి యే యోగశాస్త్రమును చదివి యెరుగదు. ఐనను శ్వాసను మెల్లగా విడుచుచు, ఒకే స్వరమును నిలుపుచు, తన యలసటను, బిడ్డ యేడుపును ఒక్క ప్రయత్నముననే శమింపజేయు మార్గము నామె యెరుగును. యోగులు అట్టి ధ్వనికి ఆసనమును, కాలమును, నియమమును ఏర్పరచి, తుమ్మెద పేరు పెట్టి, భ్రామరీ ప్రాణాయామమనిరి.

భ్రామరి నేడు అపరిచితమైన విద్య కాదు. 2015 మొదలు ప్రతి సంవత్సరము జూన్ 21వ తేదీన జరుగు అంతర్జాతీయ యోగ దినోత్సవమునకై ఆయుష్ మంత్రిత్వ శాఖ వెలువరించిన సాధనక్రమములో నాడీశోధనము, శీతలి అను వానితో పాటు భ్రామరియు చేరినది. పాఠశాలల ఆవరణలలో పిల్లలు వరుసలు తీరి చెవులు మూసికొని ఒక్కుమ్మడిగా మ్రోయుట మనము చూచుచునే యున్నాము. ఇది సంతోషింపదగిన విషయమే. కాని, దీని నభ్యసించువారిలో పెక్కురు ధ్వని చేయుటతోనే పని తీరినదని తలచి, ఒక ఊపిరి ముగియుట తడవుగా మరొక ఊపిరి పీల్చి, ఒకదాని వెంట నొకటిగా అయిదో పదో ముగించి లేచిపోవుచున్నారు. విస్తరి వేసికొని కూర్చుండి, వడ్డన పూర్తి కాగానే చేయి కడుగుకొన్నవాని చందమున నున్నది వారి సాధన. నాదము చేయుట ఇందు పూర్వార్ధము మాత్రమే. చేసిన నాదము అణగిపోవునప్పుడు దాని వెంట చెవిని పంపి, అది పూర్తిగా అంతరించిన చోట ఏమి మిగులునో వినుట ఉత్తరార్ధము. ఫలమంతయు ఆ ఉత్తరార్ధముననే యున్నదని నా దృఢవిశ్వాసము. ఈ యధ్యాయమున నేను చెప్పదలచిన దంతయు ఆ యొక్క మాటయే.

ఇది నా కల్పన కాదు. 15వ శతాబ్దికి చెందిన స్వాత్మారాముని హఠయోగప్రదీపిక, ద్వితీయోపదేశమున, ఎనిమిది విధములగు కుంభకములను, అనగా ఊపిరిని నిలుపు సాధనలను, లెక్కించుచు, సూర్యభేదనము, ఉజ్జాయి, సీత్కారి, శీతలి, భస్త్రిక అను నైదింటి తరువాత భ్రామరిని చెప్పినది. ఆ వర్ణనము మిక్కిలి చిన్నది. గండుతుమ్మెద మ్రోత వంటి ధ్వనితో గాలిని వేగముగా లోనికి తీసికొని, ఆడుతుమ్మెద మ్రోత వంటి ధ్వనితో మెల్లమెల్లగా విడువవలెననియు, ఇట్లభ్యసించు యోగుల చిత్తమున మాటల కందని ఆనందము పుట్టుననియు చెప్పి ఆ గ్రంథము ముందునకు సాగిపోయినది. దానికి తరువాతిదైన ఘేరండసంహిత, పంచమోపదేశమున, అదే పేరుతో చెప్పిన సాధన నిక పరికింపుడు. అర్ధరాత్రము గడచిన పిమ్మట, జంతువుల యరుపైనను వినరాని తావున, చేతులతో చెవులు మూసికొని, ఊపిరి పీల్చి నిలుపు పూరక కుంభకములు చేయవలెనట. అట్లు చేయగా కుడిచెవిలో లోపలి నాదములు వినవచ్చునట. మొదట కీచురాయి రొద, పిదప వేణువు, మేఘము, తుమ్మెద, ఘంట, కంచు, భేరి, మృదంగము మొదలైన వాని ధ్వనులు. ఆ ధ్వనిలో జ్యోతియు, ఆ జ్యోతిలో మనస్సును ఉండుననియు, అది లయించిన చోటే విష్ణుని పరమపదమనియు ఆ సంహిత చెప్పుచున్నది. ఇందులో గొంతుతో ధ్వని చేయుమన్న మాటయే లేదు. ఒక గ్రంథము తుమ్మెదవలె మ్రోయుమన్నది, రెండవది లోనుండి వచ్చు మ్రోతను వినుమన్నది, రెండింటికిని పేరొక్కటియే. వీనిని వేర్వేరు సాధనలని చెప్పుటకంటె, ఒక్క త్రాటికి రెండు కొసలని భావించుట నాకు సమంజసముగా తోచుచున్నది.

స్వాత్మారాముడు గూడ ఆ రెండవ కొసను విడిచిపెట్టలేదు. తన గ్రంథపు చతుర్థోపదేశమున లోపలి నాదమున మనస్సును నిలుపు నాదానుసంధానమును వివరించుచు, ఆదినాథుడగు శివుడు చెప్పిన కోటియు పాతిక లక్షల లయమార్గములలో దానినే ముఖ్యతమముగా నెంచినాడు. అచట అంతర్నాదములకు అతడు చూపిన క్రమము గమనింపదగినది. సాధన మొదలిడినప్పుడు సముద్రఘోషము, మేఘగర్జనము, భేరీధ్వని వంటి పెద్ద శబ్దములు. నడుమ మద్దెల, శంఖము, ఘంట. తుదకు చిరుగజ్జెలు, వేణువు, వీణ, తుమ్మెద. స్థూలమునుండి సూక్ష్మమునకు దిగు ఈ మెట్లలో తుమ్మెద తుదిమెట్టున నున్నది. అనగా, భ్రామరిని ప్రారంభించునాడు మనము గొంతుతో చేయు ధ్వనియు, నాదసాధన తుదిభాగమున ఎవ్వరును చేయకయే వినవచ్చు ధ్వనియు ఒక్క జాతివి. చేరవలసిన యూరి పేరునే బాటకు పెట్టుట మన పల్లెలలో వాడుక గదా. ఈ పేరును అట్టిదే.

చెవులు మూసికొని లోపల వినుట హఠయోగులకంటె ఎంతో ప్రాచీనము. బృహదారణ్యకోపనిషత్తు పంచమాధ్యాయమున, పురుషునిలోపల నుండి తిన్న యన్నమును పచనము చేయు వైశ్వానరాగ్ని ప్రస్తావన కలదు. చెవులు మూసికొన్నప్పుడు మనకు వినవచ్చు హోరు ఆ యగ్ని ఘోషమేనట. మనుజుడు దేహమును విడువబోవు సమయమున ఆ ఘోషమును వినడట. ఛాందోగ్యమును అదే లోపలి ధ్వనిని మండుచున్న నిప్పు సవ్వడితో పోల్చినది. మైత్రాయణీయోపనిషత్తు మరింత విపులముగా, బొటనవ్రేళ్ళతో చెవులు మూసికొన్నచో హృదయాకాశములోని శబ్దము వినబడుననియు, అది నదివలె, చిరుగంటవలె, కంచుపాత్రవలె, చక్రమువలె, కప్పల కూతవలె, వానవలె, గాలి లేనిచోట పలికిన మాటవలె నుండుననియు ఏడు పోలికలు చెప్పినది. ఈ ఏడింటిలో అరణ్యమున ఆశ్రమము కట్టుకొని, వానకాలపు రాత్రులలో కప్పల కూత వినుచు కూర్చుండిన మనుష్యుని చెవి నాకు స్పష్టముగా గోచరించుచున్నది. పుస్తకములోని పోలికలు గావివి, విన్నవాని పోలికలు.

మన తెలుగునేలమీద తుమ్మెద మ్రోతకు మరియొక పుణ్యక్షేత్రము కలదు. శ్రీశైలమున మల్లికార్జునుని సన్నిధిని వెలసిన భ్రమరాంబ, అష్టాదశ శక్తిపీఠములలో నొకటికి అధిదేవత. అరుణుడను దైత్యుడు, యుద్ధమునగాని శస్త్రాస్త్రములచేగాని, స్త్రీపురుషులచేగాని, రెండు కాళ్ళ దానిచేగాని నాలుగు కాళ్ళ దానిచేగాని చావు లేకుండ బ్రహ్మవలన వరము పొందగా, జగన్మాత ఆరు కాళ్ళ తుమ్మెదలను అసంఖ్యాకముగా సృజించి ఆ దైత్యుని సంహరించినదని దేవీభాగవత దశమస్కంధము చెప్పుచున్నది. అమ్మవారి గుడి వెనుక గోడకు గల చిన్న రంధ్రము చెంత చెవి యొగ్గిన యెడల నేటికిని తుమ్మెదల ఝుంకారము వినవచ్చునని భక్తుల విశ్వాసము. నేను పైన పేర్కొనిన రెండు హఠయోగ గ్రంథములును ఈ ప్రాణాయామమునకు ఆ తల్లితో సంబంధము కల్పింపలేదు. లేని సంబంధమును నేనును కల్పింపను. కాని ఆ గోడచెంత నిలిచిన యాత్రికుని చూడుడు. అంతవరకు క్యూలో ఒకరినొకరు త్రోసికొనుచు, పిల్లలను కేకలు వేయుచు వచ్చినవాడు, గోడకు చెవి ఆనించిన క్షణమున ఊపిరి బిగబట్టి, కన్నులు మూసికొని, పక్కవానిని మాటాడవలదని చేసైగ చేయును. అతనికి ఝుంకారము వినబడెనో లేదో మనకక్కర లేదు. వినుటకై సర్వేంద్రియములను ఒక్కచోట చేర్చిన ఆ నిలుకడయే భ్రామరికి ప్రాణము.

సంగీతజ్ఞులకీ రహస్యము చిరపరిచితము. తంబురా మీటుచు పాడబోవు గాయకుడు మొదట పాడడు, శ్రుతిని వినును. నాదోపాసనను మోక్షమార్గముగా కీర్తించిన త్యాగరాజస్వామి పాటకు వెనుక నిలిచినదియు ఆ తంబురా మ్రోతయే.

ఇక అభ్యాసక్రమము. తెల్లవారుజామునగాని, రాత్రి పడుకొనబోవుటకు ముందుగాని, భోజనమై కనీసము మూడు గంటలైన గడచిన పిదప, గాలి వచ్చుచు సందడి లేని గదిలో కూర్చుండుడు. పద్మాసనము వచ్చినవారు పద్మాసనము, రానివారు బాసిపట్లు వేసికొని కూర్చుండవచ్చును. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు కుర్చీలో పాదములు నేలనాని కూర్చుండినను లోపము లేదు. వెన్ను నిటారుగా నుండవలెను; భుజములు మాత్రము బిగువు వీడి జారవలెను. పెదవులు మూసియుంచి, లోపల పై పండ్లకును క్రింది పండ్లకును నడుమ కొంచెము ఎడమిండు. ఈ చిన్న విషయము నుపేక్షించువారే యెక్కువ. పండ్లు బిగించిన వాని నాదము గొంతు దాటదు, దౌడ సడలించినవాని నాదము నుదుటివరకు ప్రాకును. పిదప చూపుడువ్రేళ్ళతో చెవులు మూయుడు. వ్రేలిని చెవిలోనికి దూర్పరాదు. చెవిరంధ్రమునకు ముందు చిన్న పలుకువలె నుండు మెత్తని భాగమును లోనికి నొక్కినచో చాలును. బయటి సందడి ఆగిపోవును.

ఇప్పుడు రెండు ముక్కుపుటములనుండియు, నాలుగైదు క్షణముల పాటు, ఆతురత లేక గాలిని లోనికి తీసికొని, విడుచునప్పుడు మూసిన పెదవుల వెనుక మకారమును పలుకుచు, ఆ ధ్వని తైలధారవలె తెగకుండ సాగనిండు. పూరకమున గండుతుమ్మెద ధ్వని చేయుమని ప్రదీపిక చెప్పినదిగాని, అది క్రొత్తవారికి గొంతులో ఒరపిడి కలిగించును. కొన్ని నెలలు గడచువరకు దానిని విడిచిపెట్టుటయే మేలు. స్వరము ఏ స్థాయిలో నుండవలెనని యడుగుదురు. మొదటి రోజున కొంచెము హెచ్చించియు తగ్గించియు చూడుడు; ఒకానొక స్థాయిలో నుదురు, ముక్కుదూలము, పైదౌడ అన్నియు కలిసి వణకును. అదియే మీ శ్రుతి. సామాన్యముగా అది మీరు మాటాడు స్వరమునకు కొంచెము క్రిందుగా నుండును. బిగ్గరగా చేయవలసిన పని లేదు. పక్కగదిలోని వానికి వినబడినచో అది ఎక్కువయే.

ధ్వని పలుచనై ఆగిపోయినంతట, ఇచట నిలువుడు. వెంటనే ఊపిరి పీల్చుటకు తొందరపడకుడు; బిగబట్టవద్దు, తొందరింపవద్దు. ఊపిరి తనంత తాను వచ్చును. అది వచ్చులోపలి ఆ రెండు మూడు క్షణములలో, అంతకుముందు కదలిన యెముకలలో ఒక సన్నని అదురు ఇంకను మిగిలియుండుట తెలియును. అదియు అణగినంతట, దాని వెనుక ఒక హోరు, లేదా ఒక కీచురాయి రొద, లేదా ఏమియు లేమి. ఏది వినబడిన దానిని వినుడు. పేరు పెట్టకుడు, నిన్నటి దానితో పోల్చకుడు. ఇట్లు అయిదు మారులైన పిదప చేతులు ఒడిలోనికి దించి, కన్నులు తెరవక, అంతసేపే మౌనముగా కూర్చుండుడు. మొదటి నెలలో అయిదు చాలును. పిమ్మట పదకొండు వరకు పెంచుకొనవచ్చును.

నేను ఈ సాధనను పుస్తకము చూచి మొదలిడిన కాలమున, రేచకము, అనగా ఊపిరి విడుచుట, ఎంత దీర్ఘమైన అంత గొప్పయని భ్రమించి, గడియారము ముందుంచుకొని, నిన్న ఇరువది క్షణములైన నేడు ఇరువదియైదు కావలెనని పంతము పట్టితిని. కొన్ని వారములలో తల బరువెక్కి, రాత్రులు నిద్ర కరవై, ఏ శాంతికై కూర్చుంటినో అది నానాటికి దూరమయ్యెను. ఎరిగిన పెద్దయొకరు నా యెదుట కూర్చుండి రెండు మారులు చేయించి విని, "నాయనా, నీవు తుమ్మెదను తరుముచున్నావు, దానిని పూవుమీద వ్రాలనిమ్ము" అనిరి. తుమ్మెద పూవును చేరువరకే మ్రోయుననియు, తేనె త్రావునప్పుడు మ్రోయదనియు శ్రీరామకృష్ణ పరమహంస తరచుగా చెప్పిన దృష్టాంతము నాకు అంతకుముందే తెలియును. తెలిసియుండుటకును తగులుటకును ఎంత యంతరమో ఆనాడు గ్రహించితిని. మరుసటి దినమునుండి గడియారము గదిలో లేదు.

దేహములో జరుగునది ఏమని ప్రశ్నించువారికి కొంత సమాధానము కలదు. సాధారణముగా పెద్దవారు విశ్రాంతిలో నిమిషమునకు పండ్రెండు మొదలు పదునెనిమిది వరకు శ్వాసలు తీయుదురు. భ్రామరిలో ఆ సంఖ్య నాలుగైదునకు దిగును. పూరకమున గుండె వేగము కొంచెము హెచ్చి, రేచకమున తగ్గుట శరీరధర్మము. మెదడునుండి గుండెకు దిగు వేగస్ నాడి ఈ తగ్గుదలకు ప్రధాన కారణము. కనుక రేచకమును సాగదీయు ప్రతి సాధనయు గుండెకు విశ్రాంతి యిచ్చును. ఇది ఇతర ప్రాణాయామములకును వర్తించు సంగతియే. భ్రామరికి ప్రత్యేకమైనది మరియొకటి. ముక్కు చుట్టునున్న యెముకలలో గాలి నిండిన గుల్లలు గలవు, వైద్యులు సైనసులందురు. అందు నైట్రిక్ ఆక్సైడను వాయువు ఉత్పత్తి యగును. పెదవులు మూసి మ్రోయునప్పుడు, ఊరక గాలి విడుచునప్పటికంటె సుమారు పదునైదింతలు ఆ వాయువు ముక్కులోనికి వచ్చుచున్నదని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు వైట్జ్‌బర్గ్, లుండ్‌బర్గ్ అనువారు 2002లో ప్రకటించిరి. ధ్వనితరంగములు ఆ గుల్లలలోని గాలిని కదిలించి, బయటి గాలితో మార్పిడి కలిగించుటయే దీనికి కారణము. ఇంతవరకు సత్యము. దీనినిబట్టి భ్రామరి సర్వరోగములను మాన్పునని చాటువారి మాట సత్యమునకు దూరము. అట్టి మాట యీ విద్యకు గౌరవము తేదు. 1924లో లోనావళాయందు కైవల్యధామమును స్థాపించి, యోగక్రియలను ప్రయోగశాలలో పరీక్షించిన స్వామి కువలయానందులు మనకు చూపిన మార్గము, పరీక్షించి చెప్పుట. అతిశయించి చెప్పుట కాదు.

కావున కొన్ని హెచ్చరికలు చేయక తప్పదు. చెవిలో చీము, పోటు ఉన్నవారు అవి మానువరకు చెవులు మూయరాదు. జలుబుతో ముక్కులు పూర్తిగా మూసికొనిపోయిన దినమున ఈ సాధన మానవలెను. రక్తపోటు, గుండెజబ్బు గలవారు, గర్భిణులు ఊపిరిని ఏ మాత్రమును బిగబట్టరాదు; మూర్ఛరోగము గలవారు వైద్యుని సలహా లేక ఆరంభింపరాదు. ఎవ్వరును దీని నమ్ముకొని వాడుచున్న మందులు మానరాదు. అంతర్నాదము వేరు, చెవిజబ్బు వేరు. సాధన చేయని వేళలలో గూడ చెవిలో ఎడతెగని రొద బాధించుచున్నచో దానిని యోగసిద్ధి యని భ్రమపడక చెవివైద్యునికి చూపించుకొనవలెను. తల తిరిగినను, ఎదలో బిగువు తోచినను, అప్పటికి ఆపి, మామూలుగా ఊపిరి తీసికొనుచు కూర్చుండుడు.

నేడు మన యిండ్లలో నిశ్శబ్దము కరవైనది. టీవీ ఆగిన, ఫోను మ్రోగును. ఫోను ఆగిన, వీథిలో మైకు మొదలగును. ఈ సందడిని మనము ఆపలేము. ఘేరండుడు కోరిన అర్ధరాత్రపు నిర్జనస్థలమును పట్టణమున వెదకి తేలేము. కాని రెండు వ్రేళ్ళతో రెండు చెవులు మూసికొనుట యెవ్వరికైనను సాధ్యమే. పరీక్షల భయమున నిద్రపట్టని విద్యార్థికి, రోగి మంచము ప్రక్కన రాత్రులు గడపు ఇల్లాలికి, దూరదేశమున ఒంటరి గదిలో పని ముగించుకొని వచ్చి కూర్చుండు మన బిడ్డలకు, దీనికై ఖర్చు లేదు, సామగ్రి లేదు.

ఈ రాత్రి దీపము తగ్గించిన పిదప అయిదు మారులు చేసి చూడుడు. అయిదవ మ్రోత ఆగిన తరువాత, చెవులమీది వ్రేళ్ళను వెంటనే తీసివేయక, ఇంకొక్క నిమిషము అట్లే యుంచి వినుడు.